పెద్దమ్మ మొద్దుపీట

గురువక్క వస్తోందని తెలిస్తే చాలు, ఆ రోజు పొద్దున్నే నేను వెనక గదిలోకి వెళ్లి, మూలన ఉన్న మొద్దుపీట మీద పాత దుప్పటి కప్పి వస్తాను. గురువక్క మా పెదనాయన కూతురు. కోవిల్‌పట్టికి తూర్పున, విళాత్తికుళం దారిలో ఉన్న మా ఊళ్లోనే పుట్టి, మేనమామ కొడుకును చేసుకుని, ఇప్పటికీ మేమంతా పెరిగిన పెదనాయన ఇంట్లోనే కాపురం ఉంటోంది. విరుదునగర్‌కు ఎప్పుడైనా వస్తే మా ముందు గదిలో కూర్చుని కాఫీ తాగి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేది. కాబట్టి ఆ దుప్పటి ఇన్నాళ్లూ నన్ను కాపాడుతూ వచ్చింది. మొన్న ఐప్పసి నెలలో వానలు మొదలైనప్పుడు తుంటి నొప్పికి ఎముకల డాక్టరుకు చూపించుకోవాలని వచ్చి, మా ఇంట్లోనే దిగింది. నేను మందులు తేవడానికి వెళ్లి తిరిగి వచ్చేసరికి అక్క వెనక గదిలో గోడ పట్టుకుని నిలబడి ఉంది. దుప్పటి ఆమె కాళ్ల దగ్గర పడి ఉంది.

"పీనుగుకు కప్పినట్ల కప్పి పెట్టుండావే సీనా," అంది. గొంతు పెంచలేదు. "ఎపుడు దొరికె ఇది?"

"రొంబ నాళ్లాయె అక్కా."

"నాయన ఉండంగనా, పోయినాకనా?"

"పోయినాక."

ఆమె తల ఊపి, పీట వీపు మీద చెయ్యి వేసింది. అక్కడ జానెడు బెరడు ఉంటుంది. ఆ బెరడును వేళ్లతో తడిమింది. వంటింట్లోంచి వచ్చిన మా ఆవిడ కస్తూరి మా ఇద్దరి ముఖాలూ చూసి మళ్లీ లోపలికి వెళ్లింది. నేను మందుల సంచి చేతిలో పట్టుకుని, తప్పు చేసిన పిల్లవాడిలా గుమ్మంలోనే నిలబడ్డాను. నా వయసు వాళ్లు అలా నిలబడకూడదు. కానీ ఆ పీట ముందు నేను ఏనాడూ మరోలా నిలబడలేకపోయాను.

మా పెదనాయన వడ్రంగి కాదు. పత్తి, మిరప, సజ్జ పండించే రేగడి సేద్యగాడు. వాన మీద బతికే భూమి కనుక ఏడాదిలో చాలా నెలలు చేతులు ఖాళీగా ఉండేవి. నేల నోళ్లు తెరుచుకుని ఎండిపోయి ఉన్న ఆ నెలల్లో ఆయన గట్ల మీద నల్లతుమ్మలను చూసుకుంటూ తిరిగేవాడు. ఏ కొమ్మ ఎటు వంగిందో, ఏ చెట్టు పంగ ఎంత వెడల్పుగా చీలిందో ఆయనకు చుట్టాల ముఖాల్లాగా గుర్తు. "మనం వంచితే అది మళ్లా లేస్తాదిరా. దాని పాటికి అదే వంగినదాన్ని ఎదకాల," అనేవాడు. చెట్టులో పసరు తగ్గిన రోజుల్లో, చంద్రుడు తగ్గే పక్షంలో నరికేవాడు. అప్పుడు నరికితే కొయ్య పుచ్చదని ఆయన నమ్మకం. బెరడు వలిచి, మొద్దును చెరువు బురదలో ఊరవేసి, తీసిన తరువాత గొడ్ల కొట్టం నీడలో ఆరబెట్టేవాడు. కాళ్లకు మాత్రం పూర్తిగా ఎండిన కర్ర కావాలి. మొద్దులో ఇంకా కొంచెం పచ్చి ఉండగానే కాళ్లు దిగగొట్టేవాడు. మొద్దు ఎండుతూ ఎండుతూ కాలును తనే బిగించుకునేది. మేకు అన్నది ఎక్కడా ఉండదు. చివరగా వేపనూనె. మా ఇల్లంతా వేపనూనె వాసన, తుమ్మకట్టెల పొగ, అటక మీది మిరపకాయల ఘాటు. ఇప్పటికీ బస్సులో ఎవరి తలనుంచైనా వేపనూనె వాసన వస్తే నేను వెనక్కి తిరిగి చూస్తాను.

ఆయన చేసే పీటలు చూడటానికి మొరటుగా ఉండేవి. ఒకదానికి వీపు ఉంటే ఇంకొకదానికి లేదు. ఒకటి మోకాలెత్తు, ఒకటి పిక్కలెత్తు. ఏ రెండూ ఒక్కలా ఉండకపోవడానికి కారణం, ప్రతి పీటా ఒక మనిషిది. పెద్ద వాన తరువాత దొడ్లో మెత్తటి రేగడిని కుప్ప పోసి, ఎవరికి పీట కావాలో వాళ్లను దాని మీద కూర్చోమనేవాడు. వాళ్లు ఎప్పుడూ కూర్చునేలాగే, పక్కకు వాలేవాళ్లు వాలి, కాలు చాపేవాళ్లు చాపి కూర్చోవాలి. లేచిన తరువాత మట్టిలో పడిన అచ్చుకు పెద్దమ్మ తాడు పట్టి కొలిచేది. మట్టి ఎండితే కుంగిపోతుంది కాబట్టి వెంటనే కొలవాలి. ఆ కొలతల ముడులున్న తాడు నడుముకు కట్టుకుని పెదనాయన చెట్లు చూడబోయేవాడు. సరిపోయే కొమ్మ దొరకడానికి ఒక్కోసారి మళ్లీ వానాకాలం వచ్చేది. ఒకరి పీట మీద ఇంకొకరు కూర్చోకూడదు. మనిషి పోయినప్పుడు వాళ్ల పీటను కూడా చితి మీద పెట్టేవాళ్లు. అంత దూరం నడిచిపోయిన మనిషి మొదట చేసే పని కూలబడటమే కదా, కూర్చోవడానికి తనది తనకు ఉండాలి అని మా ఇంట్లో లెక్క. అందుకే మా పూర్వీకుల పీట ఒక్కటి కూడా మిగల్లేదు. మిగలకూడదు.

పెద్దమ్మ పొడగరి. కుడి తుంటి చెడి, కిందికి కూర్చోలేకపోయేది. ఆమె పీట ఎత్తుగా, ఒకే పంగలోంచి వీపూ కూర్చునే చోటూ వచ్చేట్టు ఉండేది. లేచేటప్పుడు చెమట చెయ్యి జారకుండా, పట్టుకునే చోట బెరడు ఉంచాడు. వంటింట్లో పొయ్యి పక్కన నేల నీళ్లు పోవడానికి వాలుగా ఉంటుంది. ఆ వాలుకు తగ్గట్టు ఒక కాలు పొడుగు పెట్టాడు. అక్కడ తప్ప ఇంకెక్కడ పెట్టినా ఆ పీట కుంటుతుంది. "నా నడుమూ వంకర, దీని నడుమూ వంకర. నీ పెదనాయన నాకు సరైన సవితిని తెచ్చినాడు," అని పెద్దమ్మ నవ్వేది. నాకు మాత్రం పీట లేదు. వాన పడినప్పుడల్లా పెదనాయన నన్ను పిలిచేవాడు, "రారా సీనా, రవ్వంత సేపు కూచ్చోని పో." నాకు ప్యాంటు పాడవుతుందని భయం. ఇంకోసారి, ఇంకోసారి అని తప్పించుకునేవాణ్ని.

అప్పుడు నేను శివకాశిలో కేలండర్లు అచ్చువేసే ఒక ప్రెస్సులో, బొమ్మ ఎక్కడ రావాలి, అక్షరాలు ఎక్కడ రావాలి అని అట్టల మీద గీసే పనిలో ఉన్నాను. ఆ ప్రెస్సు ఫొటోగ్రాఫర్ ఒకసారి నాతో మా ఊరు వచ్చాడు. పెద్దమ్మ పెట్టిన సజ్జకూడు తింటూ మధ్యలో ఆపి, ఆమె కూర్చున్న పీట చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు, దూరంగా వెళ్లి చూశాడు. ఎంత అందంగా ఉందో చూడు, దీన్ని చేసిన మనిషి ఎవరు అని తమిళంలో అడుగుతూనే ఉన్నాడు. ఆ మాట నన్ను ఏం చేసిందో ఇప్పుడు చెప్పడం కష్టం. అంతవరకు నాకు ఆ పీటల మీద సిగ్గూ లేదు, గర్వమూ లేదు. పొయ్యి ఉన్నట్టు, రోలు ఉన్నట్టు అవి ఉన్నాయి. బయటి మనిషి ఒకడు మెచ్చుకున్న క్షణం నుంచి అవి నాకు వస్తువులైపోయాయి. మాకు చెందిన దాన్ని ఎవరూ అంతగా మెచ్చుకున్నది నేను వినలేదు. ఆ మెప్పు కోసం నేను ఏమైనా చేసేవాణ్ని. చేశాను కూడా.

కొత్త ఏటి కేలండరుకు పల్లెటూరి బొమ్మలు కావాలి, ఇలాంటి పీట ఒకటి దొరికితే బాగుండును అన్నాడు ఫొటోగ్రాఫర్. నేను వెంటనే పెదనాయన దగ్గరికి వెళ్లాను.

"ఒక పీట చెయ్యాల పెదనాయనా."

"ఎవరికిరా?"

"ఎవరికని కాదు. ఎవరికైనా."

ఆయన బాడిస పక్కన పెట్టి నన్ను చూశాడు. "ఎవరికైనా అనేవాడు యా ఊర్లో ఉండాడు? పిలచకరా, కూచ్చోబెట్టి కొలత తీస్తా."

పెద్దమ్మ పొయ్యి దగ్గరనుంచి నవ్వింది. ఫొటోగ్రాఫర్‌కు తెలుగు రాకపోయినా అతనూ నవ్వాడు. నాకు మాత్రం మండింది. నా ముఖం చూసి పెద్దమ్మే అంది, "పావం, పిల్లోడు ఆసపడి అడగతా ఉండాడు. నాది ఎత్తకపోరా. బొమ్మ తీసినంక తెచ్చీ. అంతవరకు నేను సుమ్మా అట్ల ఇట్ల కూచ్చుంటా." పెదనాయన అవునని అనలేదు, కాదని అనలేదు. బస్సు టాపు మీదికి పీటను ఎక్కించినప్పుడు మాత్రం తాడు ముడి ఆయనే వేశాడు.

శివకాశి స్టూడియోలో నేల నున్నటి సిమెంటు. పీట కుంటింది. ఫొటోగ్రాఫర్ కాగితాలు మడిచి కాలి కింద పెట్టి చూశాడు. అవి బొమ్మలో కనబడుతున్నాయన్నాడు. నేను కిందికి వెళ్లి, పార్సిలు పెట్టెలు చేసేవాళ్ల దగ్గర రంపం అడిగి తెచ్చాను. ఎవరూ నన్ను కోయమని చెప్పలేదు. పొడుగు కాలిని మిగతా వాటితో సమం చేసి కోశాను. కోసిన చోట చేవ ఎర్రగా, తడి ఆరని గాయంలా కనబడింది. పీట సిమెంటు మీద కదలకుండా నిలబడింది. నేను నా పనితనం చూసుకుని మురిసిపోయాను. తరువాత దానికి వార్నిషు కూడా పూశాను. వేపనూనె మీద వార్నిషు సరిగా అంటదని, సోడాతో తోమి మరీ పూశాను.

కేలండరు బాగా వచ్చింది. పీట మీద పట్టుపావడా కట్టుకున్న ఒక అమ్మాయి, పక్కన ఇత్తడి బిందె, వెనక తెర మీద గీసిన కొండలు. నేను ఆ కేలండర్లు కొన్ని ఊరికి తీసుకెళ్లి ఇంటింటికీ పంచాను. పెద్దమ్మ దాన్ని వెలుగులో పెట్టి చాలాసేపు చూసింది. "పిల్ల లచ్చనంగా ఉండాది. అయితే కాళ్లు నేలకు ఆనలేదే. అట్ల కూచ్చుంటే తొడలు లాగవా?" అంది. ఆ తరువాత, "శరి, నాది ఎపుడొస్తాది?" అంది. వచ్చే వారం అన్నాను. ఆమె ఆ కేలండరును పొయ్యి పక్కన గోడకు, పీట ఉండే చోటికి సరిగ్గా పైన తగిలించింది.

వచ్చే వారం రాలేదు. ఇంకో ఫొటోకు కావాలన్నారు. ఆ తరువాత ప్రెస్సు యజమానికి అది నచ్చి, వచ్చే పోయే వాళ్లు చూసేట్టు ఆఫీసు ముందు గదిలో పెట్టించాడు. ఇది నువ్వు తెచ్చిందేనటగా అని ఆయన నన్ను పిలిచి భుజం తట్టాడు. ఇది మా పెద్దమ్మది, ఆమె దీనికోసం ఎదురుచూస్తోంది అని చెప్పడానికి అదే సమయం. నేను నవ్వి, అవును సార్ అన్నాను. ఆ తరువాత రోజూ ఆ గదిలోంచే లోపలికి వెళ్లాను, దాన్ని చూస్తూనే. అడగడానికి భయం అంటే పూర్తి నిజం కాదు. అది అక్కడ ఉన్నంతకాలం నేను కూడా అక్కడ కాస్త పెద్దగా కనిపిస్తున్నాననిపించేది. కోవిల్‌పట్టిలో ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తీసుకుని పెద్దమ్మకు ఇచ్చాను. "గాలికి ఎగిరిపొయ్యే కుర్చీరా ఇది," అంది. అందులో కూర్చుంటే ముందుకు జారేది. లేవడానికి పట్టుకుంటే కుర్చీయే లేచి వచ్చేది. కొన్నాళ్లకు దాని మీద తడి బట్టలు ఆరవేసి, తను గడప మీద ఒక పక్కకు ఒరిగి కూర్చోవడం మొదలుపెట్టింది. నేను వెళ్లినప్పుడల్లా అడిగే మాట కూడా మానేసింది. మానేసినందుకు నాకు ప్రాణం హాయిగా ఉండింది. ఇది రాస్తుంటే నా చెయ్యి ఆగుతోంది, అయినా హాయిగా ఉన్నమాట నిజం.

పెద్దమ్మ పోయిందని కబురు వస్తే బస్సెక్కి పరుగున వెళ్లాను. పెదనాయన గేటు దగ్గర ఉన్నాడు. ఆయన నా ముఖం చూడలేదు. నా చేతులు చూశాడు. నా వెనక, బస్సు ఆగిన చోట, ఎవరైనా ఏమైనా దించుతున్నారేమో చూశాడు. తరువాత లోపలికి వెళ్లి తన పీట ఎత్తుకొచ్చి, పాడె పక్కన పెట్టాడు. "అది నీది కదా మామా," అన్నాడు అల్లుడు. "ఆమెకు కూచ్చోను కావాల కదా," అన్నాడు పెదనాయన. అంతకు మించి ఆ రోజు గానీ, ఆ తరువాత గానీ ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. పొట్టి మనిషి ఆయన. ఆయన పీట పిక్కలెత్తు. అంత కిందికి పెద్దమ్మ ఏనాడూ కూర్చోలేకపోయిందని అక్కడున్న వాళ్లందరికీ తెలుసు. ఆ తరువాత ఆయన తనకోసం ఇంకో పీట చేసుకోలేదు. ఎవరికీ చేయలేదు. తిండి తినడానికైనా, చుట్టాలు వచ్చినా నేల మీదే కూర్చునేవాడు. నేల మీదినుంచే పోయాడు. ప్రెస్సు కొత్త కట్టడానికి మారినప్పుడు పాత సామానుతో పాటు ఈ పీట కూడా దొడ్లో పడేశారు. అప్పుడు నేను దాన్ని తెచ్చుకున్నాను. ఎవరినీ అడగనవసరం లేకుండా, ఎవరికీ ఇవ్వడానికి లేకుండా పోయాక.

ఇప్పుడు మొద్దు కుర్చీల కాలం వచ్చింది. ఆ మధ్య వత్రాప్ దగ్గర, కొండల కింద తోటలో కట్టిన విడిదికి మమ్మల్ని చుట్టాలు తీసుకెళ్లారు. అక్కడ బల్లలు, కుర్చీలు, ఊయల, చివరికి చెత్తబుట్ట కూడా బెరడు తీయని మొద్దులే. బెరడు కింద పురుగు చేరి పొడి రాలుస్తున్నా, పైన మాత్రం అద్దంలా మెరుస్తున్నాయి. అన్నీ ఒకే ఎత్తు. కూర్చుంటే నా తొడలు లాగాయి, పెద్దమ్మ ఆ కేలండరు పిల్లను చూసి అన్న మాట గుర్తొచ్చింది. ఎవరికైనా అనే మనిషి ఇప్పుడు అన్ని ఊళ్లలోనూ ఉన్నాడు, అతనికి కావలసినన్ని కుర్చీలు తయారవుతున్నాయి. అది చెప్పి ఊరుకుంటే నేను మంచివాణ్ని అయ్యేవాణ్ని. కానీ ఆ విడిది యజమాని వచ్చి కుర్చీలు ఎలా ఉన్నాయని అడిగితే, మా పెదనాయన కూడా ఇలాంటివి చేసేవాడని గొప్పగా చెప్పాను. ఇలాంటివి అన్నాను. కారులో తిరిగి వస్తూ ఆ మాట నన్ను పొడుస్తూనే ఉంది.

ఆ మధ్యాహ్నం వెనక గదిలో, గోడ పట్టుకుని నిలబడ్డ అక్కతో నేను ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నది చెప్పాను. "పెద్దమ్మ తిథి నాడు దీన్ని ఊరికి తెచ్చి, కాల్చిన చోటే కాల్చేస్తానక్కా. ఆమెకు చేరాల్సింది ఆమెకు చేరిపోతాది. నా మనసూ..."

"నీ మనసు చల్లబడతాది," అంది అక్క. "ఆమా, నీకేం. ఒకనాడు ఫొటోకని ఎత్తకపోతివి, ఇపుడు నిప్పుకని ఎత్తకపోతావు. ఈ రెంటికీ నడాన తుంటి నొప్పితో నిలబడుకోనుండే నన్ను కూచ్చోమని అంటివా?"

ఆమె అడిగిన తరువాతే నాకు తట్టింది, డాక్టరు దగ్గరనుంచి వచ్చినప్పటి నుంచి ఆమె మా సోఫాలో ఒక్కసారీ కూర్చోలేదు. అందులో కూర్చుంటే లేవలేదు. కూర్చునే చోటు వెతుక్కుంటూ వెనక గదికి వచ్చింది.

"అది పెద్దమ్మది కదక్కా. ఇంకొకరు..."

"అమ్మ పొడుగు, నా పొడుగు ఒకటే. అమ్మకు చెడింది, నాకు చెడింది ఒకే పక్క. నేను పొయ్యేనాడు నా తోడ వెయ్యండి. తీసకపోయి అమ్మకిస్తా. అంతవరకు నేను కూచ్చుంటా." ఆమె మెల్లగా పీట మీద కూర్చుని, కుడివైపు ఒరిగి, ముఖం చిట్లించింది. కింద కాలి దగ్గర కోత చూసింది. "ఇంత పొడువు కోసినావా? నాయనుంటే బాడిసతో నీ తలకాయ చెక్కుండు."

మర్నాడు వాన తెరిపిచ్చిన తరువాత వ్యాను మాట్లాడుకుని పీటను, అక్కను ఊరికి తీసుకెళ్లాను. వంటింట్లో ఆ పక్క నేల ఇంకా అలాగే వాలుగా ఉంది. పీటను దాని చోట పెడితే కోసిన కాలు గాలిలో తేలింది. కట్టెల కుప్పలోంచి ఎండిన తుమ్మకర్ర ఒకటి తీసి, పెదనాయన ఉలితో ఆ కాలికి ఒక తొడుగు చేయడానికి కూర్చున్నాను. కొయ్య అందం గురించి ఇంత మాట్లాడే నా చేతిలో ఆ ముక్క నిలువుగా చీలిపోయింది. ఇంకోటి తీశాను. అక్క వంటింట్లోంచే, "ఇంకా పొడుగు," "ఇపుడు మరీ పొడుగు," అంటూ నన్ను లేపి కూర్చోబెట్టింది. చివరికి కూర్చుని, వీపు మీది బెరడు పట్టుకుని లేచి, మళ్లీ కూర్చుంది. "రొంబ బాగా లేదు. అయితే కూచ్చోవచ్చు," అంది. కొత్త ముక్క పాత చేవ పక్కన తెల్లగా, అతుకు అతుకుగానే కనబడుతోంది. వార్నిషు గీకడానికి ఇంకో రోజు పడుతుంది.

నడుము పట్టేసి దొడ్లోకి వచ్చాను. గోడ మెత్తడానికి పోసిన రేగడి కుప్ప వానకు తడిసి నల్లగా మెరుస్తోంది. అక్క కర్ర పట్టుకుని నా వెనకే వచ్చి, "అలిసినావు, దాని మీద కూచ్చో," అంది. పంచె పాడవుతుందేమో అన్నాను. ఆమె నన్నే చూసింది. కూర్చున్నాను. మట్టి చల్లగా, మెత్తగా నాకు తగ్గట్టు కిందికి దిగింది. అటు వైపు వీధిలో బస్సు పోయింది.

"ఇపుడు లెయ్యి. పక్కకు తొక్కకుండా లెయ్యి."

లేచి, వెనక్కి తిరిగి చూశాను. ఎడమ పక్కకు కొంచెం వాలిన అచ్చు, మడమల గుంటలు రెండు. నేను అలా వాలి కూర్చుంటానని నాకు తెలియదు.

"తాడు తెస్తునా?" అంది అక్క.

"ఎవరు చేస్తారక్కా, ఇపుడు?"

"అది అప్పురం చూస్తాం. ముందర కొలుచుకో. ఎండితే కుంగిపోతాది."